క్రియకు పట్టం కట్టిన పండితుడు లూసియెన్ తెనియేర్

తెలుగు బడిలో చదివిన ప్రతి ఒక్కరికీ కర్త, కర్మ, క్రియ అన్న మూడు మాటలు బాల్యం నుండి పరిచితమే. ఒక కార్యానికి సర్వమూ తానే అయి నడిపినవానిని గూర్చి ఆ మూడూ ఆయనే అని చెప్పుకోవడం కూడా మనకు వాడుక. అయితే వాక్యమనే ఇంటికి ఆ ముగ్గురిలో యజమాని ఎవరన్న ప్రశ్న బడిలో సాధారణంగా తలెత్తదు. ఐరోపాలో ఆ ప్రశ్నకు తర్కశాస్త్రం ఏనాడో ఒక జవాబు చెప్పింది. వాక్యాన్ని రెండుగా చీల్చి, ఒకవైపు ఉద్దేశ్యాన్ని, మరొకవైపు విధేయాన్ని నిలిపింది. 1660లో పారిస్‌లో వెలువడిన పోర్ రొయాల్ వ్యాకరణం మొదలుకొని ఫ్రెంచి బడిపుస్తకాల వరకు ఆ చీలికయే సాగుతూ వచ్చింది. కర్తకు సగం రాజ్యం, మిగిలిన సమస్తానికీ కలిపి సగం రాజ్యం. ఈ పంపకం భాషలో నుండి పుట్టినది కాదని, తర్కం నుండి అరువు తెచ్చుకొన్నదని వాదించి, వాక్యానికి క్రియ ఒక్కటే అధిపతి అని నిలబడినవారు లూసియెన్ తెనియేర్. భాషాశాస్త్రం చదివినవారికి నేడు ఆయన పేరు సుపరిచితం. కాని ఆ పేరు నిలబెట్టిన గ్రంథాన్ని ఆయన తన కన్నులతో అచ్చులో చూసుకోలేదు.

తెనియేర్ 1893 మే 13న ఉత్తర ఫ్రాన్సులో, రూఆన్ నగరాన్ని ఆనుకొని ఉన్న మోంసెంతెన్యాన్‌లో జన్మించారు. బడిలో లాటిన్, గ్రీకు, జర్మను నేర్చుకొన్నారు. యౌవనంలో ఇంగ్లండు, జర్మనీ, ఇటలీ దేశాలలో కొంతకాలం గడిపి ఆయా భాషలను జనం నోటనే విన్నారు. పారిస్‌లోని సోర్బన్‌లో జర్మానిక భాషలను అధ్యయనం చేస్తూ లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ రోజులలో తులనాత్మక వ్యాకరణానికి లైప్‌జిగ్ కాశీ వంటిది. రష్యా నుండి వచ్చిన నికొలాయ్ త్రుబెత్స్కోయ్, అమెరికా నుండి వచ్చిన లియొనార్డ్ బ్లూంఫీల్డ్ కూడా 1913–14 ప్రాంతంలో అక్కడనే విద్యార్థులు. తరువాతి కాలంలో ధ్వనిశాస్త్రాన్ని ఒకరు, అమెరికా భాషాశాస్త్రాన్ని ఒకరు, వాక్యశాస్త్రాన్ని ఒకరు మలుపు తిప్పగలరని ఆనాటి గురువులు ఊహించి ఉండరు.

1914 ఆగస్టులో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. తెనియేర్‌ను ఆగస్టు 12న సైన్యంలోకి పిలిచారు. అక్టోబరులో యుద్ధరంగానికి పంపారు. 1915 ఫిబ్రవరి 16న ఆయన జర్మనుల చేత చిక్కారు. ఆయనను ఉంచిన మెర్సెబుర్గ్ శిబిరం లైప్‌జిగ్‌కు ఎంతో దూరం కాదు. విద్యార్థిగా తిరిగిన సీమలోనే యుద్ధఖైదీగా నలభై నెలలు గడపవలసి వచ్చింది. అక్కడ నానాజాతుల ఖైదీలు సుమారు నాలుగు వేల మంది ఉండేవారు. మరొకరికి అది కాలం వృథా అయిపోయిన చెర. తెనియేర్‌కు అది వాడుకలో ఉన్న భాషల పాఠశాల అయింది. హీబ్రూ, రష్యన్, డచ్చి, ఫిన్నిష్, హంగేరియన్ భాషలను ఆయన ఆ కంచె లోపలనే నేర్చారు. ఫ్రెంచి, ఇంగ్లీషు, రష్యన్, ఇటాలియన్, జర్మను భాషల నడుమ దుబాసీగా కూడా పనిచేశారు. ఒకరు చెప్పినదానిని మరుక్షణమే మరొక భాషలో చెప్పవలసినవానికి మాటల అర్థం తెలిస్తే చాలదు. జర్మనులో చివరకు వచ్చే క్రియను ఫ్రెంచిలో నడుమకు తేవాలి. రష్యనులో లేని ‘ఉండు’ క్రియను ఫ్రెంచిలో చేర్చాలి. దుబాసీ పని చేసినవారికి వాక్యం పదాల వరుస మాత్రమే కాదన్నది పుస్తకం చదవకుండానే బోధపడుతుంది.

యుద్ధం ముగిసిన తరువాత ఆయన సోర్బన్‌కు తిరిగివచ్చి జోసెఫ్ వాంద్రియెస్ శిష్యులయ్యారు. ఆ కాలపు ఫ్రెంచి భాషాశాస్త్రానికి పెద్దదిక్కుగా ఉన్న ఆంత్వాన్ మెయ్యే ఉపన్యాసాలకు కూడా హాజరయ్యారు. 1920లో యుగొస్లావియాలో భాగమైన ల్యూబ్లియానా నగరంలో, అప్పుడే నెలకొన్న విశ్వవిద్యాలయంలో బోధించడానికి ఆహ్వానం వచ్చింది. అక్కడనే జాన్ రూలియే అనే ఆమెను వివాహమాడారు. వారికి ముగ్గురు సంతానం. ఈ ఇల్లాలి పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి.

ల్యూబ్లియానాలో ఆయన దృష్టి స్లొవేనియన్ భాషలోని ద్వివచనంపై నిలిచింది. సంస్కృతం చదివినవారికి రామః, రామౌ, రామాః అన్న మూడు రూపాలు కంఠతా వచ్చినవే. ఒకరికి ఒక రూపం, ఇద్దరికి వేరొక రూపం, అంతకు మించితే మరొకటి. ప్రాచీన గ్రీకులోను, ప్రాచీన స్లావ్ భాషలోను ఉండిన ఆ ద్వివచనం చాలా భాషలలో కాలక్రమేణ అంతరించింది. స్లొవేనియన్ దానిని నిలుపుకొన్న కొద్ది భాషలలో ఒకటి. అయితే అక్కడ కూడా మాండలికాలలో అది జారిపోతూ ఉంది. ఏ సీమలో ఏ రూపం నిలిచింది, ఏది పోయింది అన్నదానిని తెనియేర్ పరిశోధించి, 1925లో సిద్ధాంతగ్రంథాన్ని, దానికి తోడుగా భాషాపటాల సంపుటాన్ని ప్రకటించారు. స్లొవేనియన్ కవి ఒతోన్ జుపాన్చిచ్‌ను గూర్చి 1931లో ఒక పుస్తకం కూడా రాశారు. అంతటితో ఆగి ఉంటే ఆయన పేరు స్లావ్ భాషల నిపుణుల నడుమ మాత్రమే వినబడేది.

1924లో ఆయన స్ట్రాస్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. రష్యన్, ప్రాచీన స్లావ్ భాషలు బోధించేవారు. స్ట్రాస్‌బుర్గ్ సరిహద్దు నగరం. 1871 నుండి 1918 వరకు జర్మనీ ఏలుబడిలో ఉండి, మళ్లీ ఫ్రాన్సుకు వచ్చింది. ఇంట్లో జర్మను మాండలికం, బడిలో ఫ్రెంచి. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటిగా పెరిగిన హోసూరు, బళ్లారి, గంజాం ప్రాంతాల తెలుగువారికి ఆ స్థితిని వేరుగా వివరించనవసరం లేదు. ఆ నగరంలోని పిల్లలు ఫ్రెంచి పదాలు నేర్చినంత సులువుగా ఫ్రెంచి వాక్యాన్ని పట్టుకోగలిగేవారా అన్నది ఎవరైనా ఊహించుకోవచ్చును.

ఆనాటి ఫ్రెంచి బడులలో వ్యాకరణ బోధకు రెండు మెట్లుండేవి. ఒకటి వ్యాకరణ విశ్లేషణ. వాక్యంలోని ఒక్కొక్క పదానికి ఇది నామవాచకం, ఇది పుంలింగం, ఇది ఏకవచనం అని చీటీ అంటించడం. రెండవది తార్కిక విశ్లేషణ. ఉపవాక్యాలను విడదీసి పేర్లు పెట్టడం. పిల్లవాడు అన్ని చీటీలూ సరిగా అంటించి కూడా వాక్యం ఎలా నిలబడి ఉన్నదో చెప్పలేకపోయేవాడు. ఇటుకలను లెక్కించి ఇల్లు తెలిసిందనుకోవడం వంటిది అది. తెనియేర్‌ను ఆలోచింపజేసినది ఈ లోటే. పదాలకు పేర్లు కాక, పదాల నడుమ ఉన్న బంధాలను విద్యార్థి కంటికి చూపే మార్గం ఆయనకు కావలసివచ్చింది. 1932లో ఆయనకు ఒక బొమ్మ తట్టింది. క్రియను శిఖరాన ఉంచి, దానిపై ఆధారపడిన పదాలను కింద వేలాడదీసి, వాటిపై ఆధారపడినవాటిని ఇంకా కిందకు దించి, నడుమ గీతలు గీయడం. వంశవృక్షాన్ని తలపించే ఆ బొమ్మకు స్తెమా అని పేరు పెట్టారు. 1934లో వాక్యశాస్త్రాన్ని ఎలా నిర్మించాలి అన్న విషయంపై స్ట్రాస్‌బుర్గ్ విశ్వవిద్యాలయ పత్రికలో తొలి వ్యాసం ప్రకటించారు. ఫ్రెంచివారికోసం ఆయన రచించిన చిన్న రష్యన్ వ్యాకరణం కూడా ఆ ఏడాదిదే.

ఆయన సిద్ధాంతానికి మొదటి మెట్టు బంధం. పిల్లి నిద్రిస్తున్నది అన్న చిన్న వాక్యాన్ని ఫ్రెంచిలో లె శా దోర్ అంటారు. లె అన్నది శా అన్న పేరును అంటిపెట్టుకొని ఉండే చిన్నమాట. దానిని పక్కన పెడితే పిల్లి, నిద్ర అని వినబడే ముక్కలు రెండు. తెనియేర్ లెక్కలో ఉన్నవి మూడు. మూడవది ఆ రెంటినీ కలిపిన బంధం. అది చెవికి వినబడదు, కాగితంపై కనబడదు. అయినా అది లేకపోతే రెండు విడిమాటలే తప్ప వాక్యం లేదు. సోడియం, క్లోరిన్ కలిసి రెంటి గుణమూ లేని ఉప్పు అయినట్లు, రెండు పదాలు బంధంతో కొత్త వస్తువు అవుతాయని ఆయన రసాయనశాస్త్రం నుండి ఉపమానం తెచ్చుకొన్నారు.

రెండవ మెట్టు వరుసకు, నిర్మాణానికి మధ్య తేడా. నోటి మాట దారం వంటిది, ఒకదాని తరువాత ఒకటి రావలసిందే. మనసులోని వాక్యం చెట్టు వంటిది, కొమ్మలుగా ఉంటుంది. మాట్లాడడమంటే చెట్టును దారంగా మార్చడం, అర్థం చేసుకోవడమంటే దారాన్ని మళ్లీ చెట్టుగా నిలపడం. పియెర్ లూయీకి ఒక పుస్తకం ఇస్తాడు అన్నదానిని ఫ్రెంచిలో పియెర్ దొన్ ఎఁ లీవ్ర్ ఆ లూయీ అంటారు. పియెర్, ఇస్తాడు, ఒక పుస్తకం, లూయీకి అన్నది అక్కడి వరుస. తెలుగువాని క్రియ చివరకు వస్తుంది, ఫ్రెంచివాని క్రియ కర్త వెనువెంటనే వస్తుంది. వరుస వేరు. కాని స్తెమా గీస్తే రెండు భాషలలోను ఇచ్చుట అనే క్రియ పైన, దాని కింద పియెర్, పుస్తకం, లూయీ. చెట్టు ఒకటే.

ఫ్రెంచి నేర్చే తెలుగువారిని తికమకపెట్టే ఒక విశేషం ఇక్కడ చెప్పుకోవాలి. పేర్ల స్థానంలో సర్వనామాలు వస్తే ఫ్రెంచి వరుస ఒక్కసారిగా మారిపోతుంది. ఇల్ లె లుయి దొన్ అంటారు. అతడు, దానిని, వానికి, ఇస్తాడు. మాటకు మాట తెలుగు నడకయే! క్రియ తరువాత రావలసిన కర్మ క్రియకు ముందుకు దూకింది. వరుసను మాత్రమే కంఠస్థం చేసినవానికి ఇవి రెండు వేర్వేరు పాఠాలు. చెట్టును చూడనేర్చినవానికి ఒకే పాఠంలోని రెండు నడకలు.

ఇక మూడవ మెట్టు. తెనియేర్ పేరు చెప్పగానే అందరూ తలచేది దీనినే. క్రియను ఆయన ఒక చిన్న నాటకంతో పోల్చారు. జరిగే పని క్రియ, అందులో పాల్గొనేవారు పాత్రలు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవి రంగాలంకరణ. ఒక్కొక్క క్రియకు ఎన్ని పాత్రలు కావాలో ముందే నిర్ణయమై ఉంటుంది. నిద్రించుటకు ఒక్కరు చాలు. కొట్టుటకు ఇద్దరు కావాలి. ఇచ్చుటకు ముగ్గురు కావాలి. అసలు పాత్రలే లేని క్రియలు కూడా ఉన్నాయి. వాన కురుస్తున్నది అనడానికి ఫ్రెంచివారు ఇల్ ప్లె అంటారు. ఇల్ అంటే అతడు. ఎవరా అతడు? ఎవరూ కాదు. ఫ్రెంచి క్రియ ముందు ఏదో ఒక మాట ఉండక తప్పదు కనుక నిలిపిన బొమ్మ. పరమాణువుకు ఇన్ని కొక్కాలని ఉన్నట్లు క్రియకు ఇన్ని కొక్కాలని చెప్పి, రసాయనశాస్త్రంలోని సంయోజకత అనే మాటనే ఆయన వ్యాకరణానికి తెచ్చారు. కర్త ఇక్కడ రాజు కాదు, మొదటి పాత్ర మాత్రమే. కర్మతో పాటు అతడూ క్రియ కింద వేలాడవలసినవాడే.

మన శాస్త్రం తెలిసినవారికి ఇక్కడ ఆకాంక్ష అన్న మాట స్ఫురించక మానదు. ఇచ్చెను అనగానే ఎవరు, ఏమి, ఎవరికి అన్న ఆకాంక్ష కలుగుతుందని, అది తీరితేనే వాక్యార్థం పూర్తి అవుతుందని మన ప్రాచీనులు చెప్పారు. పాణిని కారకాలన్నీ క్రియతో సంబంధాన్ని బట్టి ఏర్పడినవే.

గ్రంథంలో అధికభాగం తెనియేర్ కేటాయించినది నాలుగవ విషయానికి. ఒక జాతి పదం మరొక జాతి పదం చేసే పనిని చేయడం. పియెర్ అన్నది నామవాచకం. లె లీవ్ర్ దె పియెర్, అనగా పియెర్ పుస్తకం, అన్నప్పుడు దె అనే చిన్నమాట దానిని విశేషణపు పనికి దింపింది. తెలుగులో ఇల్లు అన్నది ఇంటి తలుపు అన్నప్పుడు ఇంటి అని మారడం అటువంటిదే. బడిలో ఔపవిభక్తికం అని పేరు మాత్రం నేర్చి వదిలేసిన ఆ మార్పుకు వాక్యంలో ఉన్న పని ఏమిటో ఈ కోణం నుండి చూస్తే తేటపడుతుంది. పియెర్ చదివే పుస్తకం అనడానికి ఫ్రెంచివారు లె లీవ్ర్ కె పియెర్ లీ అంటారు. అక్కడ కె అనే మాట ఒక పూర్తి వాక్యాన్నే విశేషణంగా మార్చింది. మనం ఆ పనిని చదివే అన్న క్రియారూపంతోనే ముగిస్తాము. సాధనాలు వేరు, జరిగిన పని ఒకటి.

పుస్తకం ముందు, దాని వివరణ వెనుక రావడం ఫ్రెంచి పద్ధతి. వివరణ అంతా ముందు వచ్చి అసలు మాట చివరకు రావడం తెలుగు పద్ధతి. ప్రపంచ భాషలను ఈ ప్రాతిపదికపై రెండు జాతులుగా విభజించి, అందులోనూ తీవ్రమైనవి, మితమైనవి అని తారతమ్యం చూపినవారిలో తెనియేర్ ముందువరుసలోనివారు. ఫ్రెంచి మితమైనది. తెల్లగుర్రాన్ని శ్వాల్ బ్లాఁ అని రంగును వెనుక చెబుతారు. చిన్నపిల్లిని మాత్రం పెతి శా అని ముందే చెబుతారు. తెలుగుకు అటువంటి వెసులుబాటు లేదు.

చెట్టు కూడా మారిపోయే సందర్భాలను ఆయన విడువలేదు. ఆకలి వేసినప్పుడు ఫ్రెంచివాడు జే ఫెఁ అంటాడు. నేను ఆకలి కలిగి ఉన్నాను అని దాని పొందిక. మనం నాకు ఆకలిగా ఉంది అంటాము. అక్కడ నేను కర్తను, ఇక్కడ చతుర్థీ విభక్తిలో నిలబడినవాడిని. అనువాదంలో పదాలు మాత్రమే కాదు, కొమ్మలు కూడా స్థానం మార్చుకొంటాయి. అనువాదకులు రోజూ చేసే ఈ పనికి తెనియేర్ శాస్త్రంలో ఒక అధ్యాయాన్ని, ఒక పేరును కల్పించారు.

1937లో ఆయన దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. మరుసటి ఏడాది నిర్మాణాత్మక వాక్యశాస్త్ర ప్రాథమిక పాఠాలను ప్రకటించారు. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం. తొలి యుద్ధంలో ఖైదీ అయినవారు ఈసారి ఫ్రెంచి సైనిక గూఢచారి శాఖలో సంకేతలిపి అధికారిగా పనిచేశారు. అక్షరాల వరుస వెనుక దాగిన క్రమాన్ని వెలికితీయడం ఆ ఉద్యోగం. ఆయనకు అది పరాయి పని అని అనలేము.

1947లో తీవ్రంగా జబ్బుపడ్డారు. ఆ తరువాత ఆరోగ్యం మళ్లీ కుదుటపడలేదు. పెద్ద గ్రంథం రాతలోనే ఉండిపోయింది. 1953లో దాని సారాంశంగా ఒక చిన్న పుస్తకం మాత్రం వెలువడింది. కొద్ది పుటలలో ఇమిడిన ఆ సంక్షేపం చదివి వెనుక ఎంత కృషి ఉన్నదో గ్రహించగలిగినవారు అరుదు. 1954 డిసెంబరు 6న మోంపెలియేలో తెనియేర్ కన్నుమూశారు. అంతకు నెల రోజుల ముందు, నవంబరు 1న, యానాం తదితర ఫ్రెంచి స్థావరాల పాలన భారతదేశానికి అప్పగింపబడింది. ఫ్రెంచి వాక్యాన్ని తెలుగు నాలుకపై నిలపడానికి తరతరాలుగా శ్రమించిన ఆ గోదావరి తీరపు బడిపిల్లలకు మోంపెలియేలో ఒక ఆచార్యుడు తమ బాధనే శాస్త్రంగా రాస్తున్నాడన్న సంగతి తెలిసే అవకాశం లేదు.

మిగిలినది రాతప్రతుల కట్ట. దానిని అచ్చుకు చేర్చిన ఘనత జాన్‌ది. భర్త మిత్రులను, సహాధ్యాపకులను కూడగట్టుకొని, ఐదేళ్లపాటు పట్టు విడవకుండా శ్రమించారు. వందలకొద్దీ బొమ్మలు, అనేక భాషల ఉదాహరణలు గల గ్రంథాన్ని రచయిత లేకుండా అచ్చువేయించడం సామాన్యమైన పని కాదు. 1959లో పారిస్‌లోని క్లింక్‌సీక్ సంస్థ నిర్మాణాత్మక వాక్యశాస్త్ర మూలాంశాలు అన్న అర్థం వచ్చే పేరుతో దానిని ప్రచురించింది. జర్మను భాషా పండితుడు జాన్ ఫుర్కే పీఠిక రాశారు. ఆరువందల యాభై పుటలకు మించిన ఉద్గ్రంథం అది. 1966లో సవరించిన రెండవ ముద్రణ వచ్చింది.

కాలం మాత్రం అనుకూలించలేదు. అంతకు రెండేళ్ల ముందే, 1957లో, అమెరికాలో నోమ్ చోమ్‌స్కీ పుస్తకం వెలువడి వాక్యశాస్త్రం దృష్టినంతా తనవైపు తిప్పుకొన్నది. చోమ్‌స్కీ మార్గంలో వాక్యం మళ్లీ రెండుగా చీలుతుంది. ఒక నామపదబంధం, ఒక క్రియాపదబంధం. ఆ చీలికకు మూలమైన విభజన పద్ధతిని అమెరికాలో నెలకొల్పినవారు లైప్‌జిగ్‌లో తెనియేర్‌తో పాటు చదివిన బ్లూంఫీల్డే. జర్మనీలో కథ వేరుగా నడిచింది. పరాయివారికి జర్మను నేర్పే ఉపాధ్యాయులు సంయోజకతను చేతికి అందిన పనిముట్టుగా స్వీకరించారు. ఏ క్రియకు ఎన్ని పాత్రలు, ఏ విభక్తిలో కావాలో చెప్పే నిఘంటువు 1969లో లైప్‌జిగ్‌లోనే వెలువడింది. మూలగ్రంథానికి 1980లో జర్మను అనువాదం, 1988లో రష్యన్ అనువాదం వచ్చాయి. ఇంగ్లీషు అనువాదం 2015 వరకు రాలేదు. ఇంగ్లీషులో లేని గ్రంథం లోకంలోనే లేనట్లు చూసే విద్వల్లోకపు అలవాటు తెనియేర్‌కు చేసిన నష్టం తక్కువ కాదు.

సిద్ధాంతంలో లోపాలు లేవని కాదు. ఏది పాత్ర, ఏది రంగాలంకరణ అన్న గీత అనేక క్రియల వద్ద చెరిగిపోతుంది. ఊరికి వెళ్లాడు అన్నప్పుడు ఊరు నాటకంలో పాత్రయా, రంగమా? ఈ చర్చ ఆయన తరువాత అరవై ఏళ్లకు పైగా సాగింది. ఆయన ఉపాధ్యాయుడు అన్న తెలుగు వాక్యంలో క్రియయే లేదు. రష్యనులోను అంతే. రష్యన్ బోధించిన తెనియేర్ దీనిని ఎరుగనివారు కారు. నామం సైతం వాక్యానికి శిఖరం కావచ్చునని అంగీకరించారు. క్రియకు ఏకఛత్రాధిపత్యం ఇచ్చిన సిద్ధాంతానికి ఇది కొంత రాజీయే.

కంప్యూటర్ల చేత భాషను చదివించే ప్రయత్నాలు పెరిగిన తరువాత ఆయన చెట్టు మళ్లీ చిగిర్చింది. పదం నుండి పదానికి గీత గీసే పద్ధతి, పదాల వరుస స్వేచ్ఛగా మారే భాషలకు బాగా నప్పింది. మన దేశంలో పాణిని కారకాల ఆధారంగా ఇటువంటి విశ్లేషణను రూపొందించిన పరిశోధకుల గ్రంథం 1995లో వెలువడింది. ఆ కృషి హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో విస్తరించింది. 2009లో జరిగిన భారతీయ భాషా వాక్యవిశ్లేషణ పోటీలో హిందీ, బెంగాలీలతో పాటు తెలుగు వాక్యాలకు కూడా ఆ చెట్లు గీశారు. ప్రపంచ భాషలన్నిటికీ ఒకే తీరున చెట్లు గీసే అంతర్జాతీయ ప్రణాళిక 2014లో మొదలైన తరువాత కొంతకాలానికి అందులోకి తెలుగు కూడా చేరింది. ఆ భాండారంలోని పదమూడు వందల పైచిలుకు తెలుగు వాక్యాలు భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం నుండి తీసుకొన్నవి. వాటిలో క్రియ ఉన్న చోట శిఖరం క్రియ, లేని చోట నామం.